దాహం తీరని సున్నం

బిసియా హైస్కూలు
1986 మార్చి 3

మామయ్యకు,

మీ మోకాలు ఎలా ఉందో ముందు రాయండి, తిట్లు తర్వాత రాయవచ్చు. పోయిన పడవలో నా ఉత్తరం రాలేదని మీరు అలిగారట. "మీ మామయ్య రేవులో నిలబడి, మా రోదాకు చేతులు పడిపోయాయా అని నా మీద ఎగిరాడమ్మా" అని పడవ నడిపే ఎలియా చెప్పాడు. చేతులు పడిపోలేదు. సుద్దముక్కలు పట్టుకుని అరిగిపోతున్నాయి.

ఈ ఏడు నాకు తొమ్మిదో తరగతి సైన్సు ఇచ్చారు. ముప్పై ఎనిమిది మంది పిల్లలు, ఒక ప్రయోగశాల. ప్రయోగశాల అంటే ఏదో ఊహించుకునేరు. నాలుగు బల్లలు, గోడకు ఒక కుళాయి, కొన్ని గాజు గ్లాసులు, ఒక అలమర, అలమర నిండా బొద్దింకలు. కళ్ళకు పెట్టుకునే అద్దాలు ఆరు జతలే ఉన్నాయి, పిల్లలు వంతులేసుకుని పెట్టుకుంటున్నారు. రాజధాని పోర్ట్ మోర్స్‌బీ నుంచి రావలసిన రసాయనాల పెట్టె పోయిన ఏడు నుంచీ వస్తూనే ఉంది.

ఈ నెల పాఠం రసాయన చర్యలు. పిల్లలు కళ్ళారా చూసి, చూసింది రాసి, అది ఏ రకమో తేల్చాలి. రెండు కలిసి ఒకటైతే సంయోగం. ఒకటి విడిపోయి రెండైతే వియోగం. ఒకటి వచ్చి ఇంకొకదాన్ని తోసేసి దాని చోట కూర్చుంటే స్థానభ్రంశం. రెండు జంటలు జోడీలు మార్చుకుంటే ద్వంద్వ వియోగం, మన దీవిలో కొన్ని కాపురాల్లాగా. మైలుతుత్తం నీళ్ళలో ఇనప మేకు వేసి స్థానభ్రంశం చూపించాను. మేకు ఎర్రబడితే పిల్లలు చప్పట్లు కొట్టారు. సంయోగం చూపించడానికే నా దగ్గర సరైనది ఏమీ లేదు.

అప్పుడు మీరు గుర్తొచ్చారు. మీరు వక్కల్లోకి సముద్రపు చిప్పలు కాల్చాక, నీళ్ళు చల్లకముందు ఉంటుందే, ఆ సున్నం ఒక డబ్బా పంపిస్తారా? చిప్పలు కాల్చడం వియోగం, నీళ్ళు చల్లడం సంయోగం. రెండూ మన ఒడ్డునే పెట్టుకుని నేను మోర్స్‌బీ పెట్టె కోసం ఏడుస్తున్నాను.

ఎలా కట్టాలో, ఎలా పంపాలో నేను రాయను. సున్నం గురించి మీకు చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే.

మా చెల్లి ఇనెలోను వక్కలు తగ్గించమనండి. పద్దెనిమిదేళ్ళకే దాని పళ్ళు మీ పళ్ళలా అయ్యాయి.

మీ మేనకోడలు
రోదా


సిగాదువా దీవి
మార్చి 19

ఒసేయ్ పంతులమ్మా,

నీ ఉత్తరాన్ని సున్నపు కుప్ప పక్కన కూర్చుని విప్పాను. సగం చదివేసరికి దాహం తీర్చేదాని పేరు కనిపించింది. దాహంతో ఉన్న సున్నం ముందు ఆ పేరు ఎత్తకూడదని నీకు పాలు తాగే వయసు నుంచీ తెలుసు. ఎత్తాల్సి వస్తే ఇరవై అడుగులు అవతలికి పోవాలి. లేచి, ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకుంటూ, కుంటుకుంటూ ఇసుకలో ఇరవై అడుగులు వెళ్ళి మిగతాది చదివాను. మోకాలు ఎలా ఉందని అడిగావుగా, అలా ఉంది. నవ్వకు. ఆ పేరు వింటే సున్నం ఆశపడుతుంది, ఆశపడిన సున్నం చేదెక్కుతుంది. నాకు మా మామయ్య చెప్పాడు, ఆయనకు ఆయన మామయ్య చెప్పాడు.

నీ నాలుగు రకాలూ చదివాను. మాకు రెండే రకాలు. వెనక్కి వచ్చేవి, రానివి. కరిగిన ఉప్పు ఎండలో పెడితే వెనక్కి వస్తుంది. కాలిన కట్టె రాదు. పాస్టరు గారి పంది మొన్న మా తోటలో పడి తిన్న దుంపలు కూడా రావు, ఆయన ఎన్ని క్షమాపణలు చెప్పినా సరే. నీ పుస్తకం రాసినవాడికి ఈ ముక్క తెలియక నాలుగు చేసుకున్నాడు.

దాహం తీరని సున్నం ఇంతవరకూ ఈ ఒడ్డు దాటలేదు. పంపాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను. మీ అమ్మ పోయాక మీ ఇద్దర్నీ నా దగ్గర పెంచుకున్నది, పెద్దదానికి ఈ పని అప్పజెబుదామనే. నువ్వు సున్నాన్ని వదిలేసి సున్నం గురించి చదవడానికి పోయావు. పోతే పోయావు, ఇన్నాళ్ళకు నా సున్నం కావాలని అడిగావు. నా మనసు కరిగింది. అది ఏ రకమో మీ పిల్లల చేత తేల్పించు.

ఇప్పుడు పని ఇనెలోది. మూడేళ్ళుగా చిప్పలు ఏరుతోంది, పేరుస్తోంది, కాలుస్తోంది. కాలిన చిప్పను గోటితో తట్టి, మోత విని, అయిందో లేదో చెప్పేస్తుంది. ఆ చెవి నాకు ఇంతవరకూ రాలేదు, నేను రంగు చూసే చెబుతాను. ఇక మిగిలింది ఆఖరి పని, దాహం తీర్చడం. అది ఆకుల పందిరి వెనక నేనొక్కణ్ణే చేస్తాను. ఇంతవరకూ దాని కంట పడనివ్వలేదు, ఏమవుతుందో చెప్పలేదు. పని నేర్చుకునేవాడికి అది చివరి రోజునే చూపిస్తారు. ఈసారి పెండలం పంట ఎత్తాక చూపించి, నేను సున్నం పోసుకునే సొరబుర్ర దాని చేతిలో పెడతాను. ఊరందరికీ చెప్పేశాను కూడా.

బిస్కెట్ల రేకు డబ్బాలో పోసి, మూత చుట్టూ సీమపనస జిగురు పూసి, ఇనెలో చేతికే ఇచ్చి పంపుతాను. ఇంకొకళ్ళ చేతికి ఇవ్వను. పట్నం చూస్తానని ఒకటే గంతులు, కొత్త పావడా కూడా కుట్టించుకుంది. నాలుగు రోజులు ఉంచుకుని పంపించు.

మిగతా జాగ్రత్తలు నీకు తెలియనివి కావు, పుస్తకాలు చదివినదానివి.

ఎర్రపళ్ళ
కెదాలు


బిసియా
ఏప్రిల్ 8

మామయ్యా,

ఇనెలో పట్నం ఆసుపత్రిలో ఉంది. ప్రాణానికి భయం లేదు. కూర్చుని చదవండి.

ఎలియా చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "జలసంధి మధ్యలో అల ఒకటి పక్క నుంచి కొట్టింది. అందరం తడిసిపోయాం. అమ్మాయి డబ్బాను ఒళ్ళో పెట్టుకుని పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చుంది. కాసేపటికి, ఎలియా, డబ్బా వేడెక్కుతోంది, లోపల ఏదో బుసకొడుతోంది అంది. పామేమో, మూత తీసి చూడవే అన్నాను. నాకేం తెలుసమ్మా?"

మూత తీసింది. ముఖం వంచి చూసింది.

జిగురు ఒక పక్క ఊడి ఉంది. లోపలికి పోయింది దోసెడు ఉంటుందేమో. ఆ దోసెడు చాలు. ఉడుకుతున్న సున్నం పైకి చిమ్మింది. రెండు కళ్ళకూ కట్లు కట్టారు. శుక్రవారం విప్పి చూస్తామన్నారు. నొప్పి తగ్గడానికి సూది ఇస్తే నిద్రపోతోంది. మెలకువ వచ్చినప్పుడల్లా కొత్త పావడా ఏమైందని అడుగుతోంది. అది ముందు వైపంతా కాలి చిల్లులు పడింది. ఉతకడానికి వేశానని చెప్పాను.

మామయ్యా, ఒక్క మాట అడుగుతాను. ఆ డబ్బా దాని చేతికిచ్చేటప్పుడు, తడి తగిలితే ఏమవుతుందో ఒక్క ముక్క చెప్పలేదా?

జవాబు ఎలియా చేతికే ఇవ్వండి.

రోదా


సిగాదువా
ఏప్రిల్ 20

రోదాకు,

నీ ఉత్తరం నేను చదివి, మళ్ళీ పాస్టరు గారి చేత చదివించుకున్నాను, నా కళ్ళే తప్పు చదివాయేమోనని.

నన్ను అడుగుతున్నావా నువ్వు? దాహంతో ఉన్న సున్నం ముందు ఆ పేరు ఎత్తకూడదు. సున్నం ఇనెలో ఒళ్ళోనే ఉంది. నేనెలా చెప్పను? మా తాతల నాటి నుంచీ ఈ సున్నం ఒక్క కన్ను తియ్యలేదు. ఎందుకు తియ్యలేదు? దాహంతో ఉన్నదాన్ని ఎవరూ ఒడ్డు దాటించలేదు గనక. దాటించమని అడిగింది ఎవరు? నేను అడిగానా, ఇనెలో అడిగిందా?

నువ్వు చదివినదానివి. ఊరూపేరూ తెలియని ముప్పై ఎనిమిది మంది పిల్లల కళ్ళకు అద్దాలు వంతులేసి పెడుతున్నావు. సొంత చెల్లెలి కోసం ఒక్క వాక్యం రాయడానికి సిరా అయిపోయిందా? ఆరు జతల్లో ఒక జత పంపడానికి చెయ్యి రాలేదా? తాతకు దగ్గులు నేర్పను అని రాశావు. ఆ ముక్క రాసినప్పుడు ఎంత మురిసిపోయి ఉంటావో. నేర్పి ఉండాల్సింది. తాతకు కోపం వచ్చేది, రెండు తిట్లు తిట్టేవాడు, అంతేగా.

ఇంకొక మాట విన్నాను. డబ్బా అడుగున మిగిలిన సున్నాన్ని నువ్వు బడికి పట్టుకుపోయి, గ్లాసులో వేసి పిల్లలకు ఆట చూపించావని ఎలియా అంటున్నాడు. మనిషిని కాల్చిన సున్నాన్ని ఆ పూటే సముద్రానికి ఇచ్చెయ్యాలి. నీకు తెలుసు. అబద్ధమని ఒక్క ముక్క రాయి, ఎలియాను రేవులో ముంచి వస్తాను.

పడవలో అరటిగెల, పెండలాలు పంపుతున్నాను. ఇనెలోకు. నీకేమీ పంపలేదు.

కెదాలు


బిసియా
మే 5

మామయ్యకు,

అబద్ధం కాదు. ఎలియాను ముంచకండి.

అల కొట్టింది శనివారం. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు వచ్చేది బుధవారం. డబ్బా అడుగున సగం సున్నం ఇంకా పొడిగానే ఉంది. సముద్రానికి ఇచ్చెయ్యాలని నాకు గుర్తులేక కాదు. ఇంకే పిల్లకూ ఇలా జరగకూడదని ముప్పై ఎనిమిది మందికీ చూపించాను అని రాస్తే మీకు నన్ను క్షమించడం తేలికవుతుంది. అందులో కొంత నిజం ఉంది. మిగతా నిజం ఏమిటంటే, ఇన్‌స్పెక్టరు ముందు ఉత్త చేతులతో నిలబడలేకపోయాను. మీకు సున్నం పరువు ఎలాగో నాకు ఆ బల్ల పరువు అలాగ.

గ్లాసులో గడ్డ వేసి నీళ్ళు పోశాను. పిల్లలు రాసుకున్నారు: గడ్డ పగిలింది, ఆవిరి వచ్చింది, పిండిలా ఉబ్బింది, గ్లాసు ముట్టుకోలేనంత వేడెక్కింది. రకం, సంయోగం. వేడిని వదిలే చర్య. ఇన్‌స్పెక్టరు బాగుందన్నాడు. వెనక బల్ల పిల్ల ఒకతె చెయ్యెత్తి, "మిస్, వక్కలో సున్నం వేసి నమిలితే ఎర్రగా అవుతుందే, అది ఏ రకం?" అని అడిగింది. నాకు తెలియదు. పిల్లలు నవ్వారు. నాకు ఏడుపొచ్చి బోర్డు వైపు తిరిగాను. అప్పటికి ఇనెలో ఆసుపత్రికి వెళ్ళి నాలుగు రోజులు.

కట్లు విప్పారు. కుడికన్ను పోయింది. ఎడమకన్నుకు వెలుగూ చీకటీ తెలుస్తాయి, ఎదురుగా మనిషి కదిలితే నీడ కదిలినట్టు తెలుస్తుంది. ఇంతకంటే రాదట.

డాక్టరు ఇంకొక మాట అన్నాడు. అది మీకు రాయకూడదనుకున్నాను. మీ ఉత్తరం చదివాక రాస్తున్నాను. సున్నం పడగానే ఆగకుండా నీళ్ళతో కడిగి ఉంటే చూపు చాలా వరకు దక్కేదట. "చుట్టూ సముద్రమే కదమ్మా, ఎందుకు కడగలేదు?" అన్నాడు.

ఎలియా దోసిళ్ళతో తెచ్చాడట. పడవలో ఇద్దరు ఆడవాళ్ళు దాని చేతులు పట్టుకున్నారట. ఇది వాళ్ళను తన్ని, ముఖం పావడాలో దాచుకుని, "దగ్గరికి తేకండి, సున్నం ముందుకు దాన్ని తేకండి" అని అరిచిందట. పడవ ఒడ్డు చేరడానికి అరగంట. ఆ అరగంటా సున్నం దాని కళ్ళలోనే ఉంది. మీరు నేర్పినట్టే నడుచుకుంది, మామయ్యా, ఒక్క మాట తప్పలేదు. తడి తగిలితే సున్నం ఉడుకుతుందని మీకు తెలుసు, నాకు తెలుసు. పారబోసి కడిగితే పోతుందని కూడా మనిద్దరికీ తెలుసు. ముగ్గురిలో తెలియనిది దానికొక్కదానికే. మోసింది అదే.

ఇప్పుడు నా గదిలో ఉంటోంది. "పెండలం పంట ఎత్తాక చూపిస్తానన్నాడు మామయ్య. ఎత్తేశారేమో రాసి కనుక్కో" అని రోజూ నా ప్రాణం తీస్తోంది. ఎత్తేశారా? చూపిస్తారా? చదువు లేదు, చూపు లేదు. ఆ పని కూడా లేకపోతే ఇక దానికి ఏముందో మీరే చెప్పండి.

రోదా


సిగాదువా
మే 27

రోదాకు,

పంట ఎత్తేశాం. ఈసారి అన్నీ పిడికెడు దుంపలే.

చూపించను. సున్నం తన మనిషిని తానే ఎంచుకుంటుంది. ఎవరి కళ్ళు తీసుకుందో వాళ్ళను వద్దన్నట్టు. ఇది నేను పుట్టించిన మాట కాదు. అయినా గుడ్డిపిల్ల మంట దగ్గర ఏం చేస్తుంది? తెల్లబడిన చిప్పకూ మసిబారిన చిప్పకూ తేడా ఎవరు చూసి చెబుతారు దానికి, నువ్వా?

ఊళ్ళో ఏమనుకుంటున్నారో తెలుసా? "కెదాలు సున్నం ఇంటిమనిషినే కరిచింది" అంటున్నారు. నిన్న ఒకడు నా ఎదుటే నా సున్నాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, అప్పుడు నోట్లో వేసుకున్నాడు. నేను ఈ పని మొదలుపెట్టాక ఎవడూ నా సున్నం వాసన చూసి తినలేదు.

దాన్ని నీ దగ్గరే ఉంచుకో. అడిగి తెప్పించుకున్నావుగా. సున్నం అయిపోయింది కదా, ఈసారి దాన్నే బల్ల మీద కూర్చోబెట్టి అది ఏ రకమో తేల్చమను నీ పిల్లల్ని.

నీ చేతిరాత చూడబుద్ధి కావడం లేదు. అయినా పడవ వచ్చినప్పుడల్లా రేవుకు పోతున్నాను.

కెదాలు

ఇది ఇనెలోకు చదివి వినిపించకు.


బిసియా
ఆగస్టు 11

మామయ్యకు,

వినిపించవద్దని చివర రాశారు. ఉత్తరం పైనుంచి కిందికి కదా చదువుతారు. ఇంటి నుంచి ఉత్తరం వస్తే ఇనెలో నా పక్కన మంచం మీద కూర్చుంటుంది, నేను విప్పి పైకి చదువుతాను. చివరి వాక్యానికి వచ్చేసరికి అది అంతా వినేసింది. బల్ల మీద కూర్చోబెట్టే ముక్కతో సహా. ఇకమీద దాచాల్సింది ఏదైనా ఉంటే మొదటే రాయండి.

ఆ తర్వాత నెల గడిచింది. ఒకరోజు పొద్దున్నే లేచి, "చిప్ప రంగు ఎవడికి కావాలక్కా? మోత వినాలి గానీ. మామయ్యకు అదే తెలీదు" అంది. మా క్వార్టర్సు వెనక చిప్పలు పోయించమంది. నా తరగతి పిల్లలు తీరమంతా గాలించి తెచ్చారు. తడుముకుంటూ తనే పేర్చింది, తనే కాల్చింది. నేను పక్కనే నీళ్ళ బకెట్టు పట్టుకుని నిలబడ్డాను. చల్లారాక ఒక్కొక్క చిప్పనూ గోటితో తట్టి, అయినవి ఒక కుప్ప, కానివి ఒక కుప్ప పోసింది. నేను ఊరికే నమ్మలేదు. అయిన కుప్పలోంచి ఇరవై తీసి ఆసిడ్ చుక్క వేసి చూశాను. కాలని చిప్ప అయితే నురగ కక్కుతుంది. ఒక్కటి కూడా కక్కలేదు.

ఆఖరి పని నేనే నేర్పాను. ప్రయోగశాలలో, పట్టపగలు, కళ్ళకు అద్దాలు పెట్టి, కుళాయి పక్కన నిలబెట్టి. "ఇప్పుడు దీని పేరు గట్టిగా అను" అన్నాను. మూడోసారికి "నీళ్ళు" అంది. దాహంతో ఉన్న సున్నం ముందే నిలబడి అంది. ఏమీ కాలేదు, మామయ్యా. బుసకొట్టింది, ఉబ్బింది, చల్లారింది. ఎంత పోయాలో, ఎక్కడ ఆపాలో ఆవిరి చేతికి తగలడాన్ని బట్టి నాలుగు రోజుల్లో కనిపెట్టింది. మీరు ఆకుల పందిరి వెనక దాచుకున్నది మా తొమ్మిదో తరగతి పుస్తకం పన్నెండో పేజీలో ఉంది. పక్కన బొమ్మ కూడా ఉంది.

ఆ వాక్యం రాశాక కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యను. మీరు రాసింది మీరు కొట్టేశారా?

వచ్చే నెల అది దీవికి వస్తోంది. తన సున్నం తెస్తోంది. దాహం తీరినదే, భయపడకండి. ఊరందరి ముందూ మీకు పెడుతుందట. మీరు నోట్లో వేసుకుని ఏమంటే ఊరు అదే అంటుంది. మీరు బాగుందంటే రేపటి నుంచి అది సిగాదువా సున్నం మనిషి. బాగోలేకపోతే బాగోలేదనండి, మొహమాటం వద్దు. మీ మనసులో నా మీద ఏమున్నా పక్కన పెట్టి, నాలుకకు తెలిసిన నిజం చెప్పండి. నేను అడిగేది ఇదొక్కటే.

రోదా


సిగాదువా
సెప్టెంబరు 30

రోదా తల్లీ,

ఇనెలో ఈపాటికి నీ దగ్గరికి చేరి ఉంటుంది. ఏం జరిగిందో అది చెప్పదు. నేను చెబుతాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక జనమంతా ఉండగా వచ్చింది. ఎలియా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. నా ఎదుట మొగలి చాప మీద కూర్చుని, కొబ్బరి చిప్పలో సున్నం, ఒక వక్క, ఒక తమలపు తీగ కాయ పెట్టింది. "మామయ్యా, నా సున్నం" అంది. నా దగ్గు విని నేను ఎటు ఉన్నానో కనిపెట్టింది గానీ, కాస్త పక్కకు చూస్తూ అంది.

వక్క కొరికాను. కాయతో సున్నం అద్దుకుని నమిలాను.

బాగుంది. మెత్తగా ఉంది, నాలుక కొయ్యలేదు, నాలుగు నమిలేసరికి నోరంతా ఎర్రబడింది. నా సున్నం కంటే బాగుంది, రోదా. మా మామయ్య సున్నం అలా ఉండేది. ఆయన పోయాక ఆ రుచి నా చేతికి ఎన్నడూ రాలేదు.

ఊసేశాను. అందరి ముందూ ఊసి, "చేదు. నాలుక కాలింది" అన్నాను.

పాస్టరు గారి భార్య సున్నం కోసం చెయ్యి చాపి ఉంది, వెనక్కి తీసుకుంది. ఇంకెవరూ ముందుకు రాలేదు. ఇనెలో కొబ్బరి చిప్ప ఎక్కడుందో తడుముకుని దగ్గరికి లాక్కుంది. "సరే మామయ్యా" అంది. మర్నాటి పడవకు వెళ్ళిపోయింది. చాప మీద రాలిన చిటికెడు సున్నాన్ని ఎవరూ చూడకుండా ఏరి నా సొరబుర్రలో కలుపుకున్నాను.

ఎందుకు అబద్ధమాడానో నీకు చెప్పాలి. అది ఆ పేరు ఎత్తి, బడి కుళాయి కింద దాహం తీర్చిన సున్నం. అది బాగుందంటే, ఆ పేరు వింటే సున్నం చేదెక్కుతుందన్నది ఉత్త మాట. ఆ మాట ఉత్తదైతే, ఆ రోజు రేవులో నేను నోరు మూసుకున్నది దేనికి? దాని కళ్ళు దేనికి పోయాయి? నేను ఊసింది సున్నాన్ని కాదు.

నువ్వు ఏప్రిల్లో ఒక ప్రశ్న అడిగావు. నేను వేరే ఏదో రాసి పంపాను. ఇప్పుడు జవాబు రాస్తున్నాను. నా ముంజేతి మీద మచ్చ ఉంది కదా. చిన్నప్పుడు మీరు అడిగితే చేప కొరికిందని చెప్పాను. సున్నమే. అది ఏం చేస్తుందో నాకు తెలుసు. పడవలో కూర్చున్న దాన్ని చూస్తే చెప్పాలని నోటి దాకా వచ్చింది. "ఇనెలో, డబ్బా ఎలియాకు ఇచ్చి ఇలా రా" అని పిలిచి, ఇరవై అడుగులు అవతలికి తీసుకుపోయి చెప్పవచ్చు. ఆచారం అడ్డురాలేదు, రోదా. ఆచారంలో దానికి దారి ఉంది. ఎలియా మోటారు తిప్పేశాడు. నా మోకాలు సలుపుతోంది. ఇసుకలో ఇరవై అడుగులు పోవాలి, మళ్ళీ ఇరవై రావాలి. చదువుకున్నది అక్కడ రోదా ఉందిగా, రాసే ఉంటుంది, చూసుకుంటుందిలే అనుకుని చెయ్యి ఊపాను.

అదీ సంగతి.

కెదాలు

ఈ ఉత్తరం ఇనెలోకు చదివి వినిపించకు.


బిసియా
అక్టోబరు 17

మామయ్యకు,

వినిపించాను. మొదటే రాయమని చెప్పాను, మీరు మళ్ళీ చివరే రాశారు. "ఊసేశాను" దగ్గర నేను కాగితం మడవబోతే, అది నా మణికట్టు పట్టుకుని "చదువు" అంది. అక్కణ్ణుంచి ఆగనివ్వలేదు.

మీరు మరిచిపోయి చివర రాశారంటే నేను నమ్మను. మీ నోటితో చెప్పలేనిది నా నోటితో చెప్పించారు. రేవులోనూ ఇదే పని చేశారు. నేను మిమ్మల్ని తిట్టడానికి ఈ ముక్క రాయడం లేదు. మార్చిలో మీకు ఉత్తరం రాస్తూ నేనూ అనుకున్నాను, మామయ్య ఉన్నాడుగా, చూసుకుంటాడులే అని.

"నీ సున్నం బాగుందట, విన్నావా? ఊరికి పోదాం పద, అందరి ముందూ ఈ ఉత్తరం చదువుతాను" అన్నాను. "మామయ్య నోటితో చెప్పింది వాళ్ళు విన్నారు. కాగితం మీద సున్నం ఎవరు తింటారక్కా?" అంది. క్వార్టర్సు వెనక ఉన్న చిప్పలన్నీ పిల్లల చేత సముద్రంలో పారబోయించింది. కాల్చినవీ, కాల్చనివీ, అన్నీ. బతిమాలాను. కాళ్ళు పట్టుకున్నాను. వినలేదు.

మర్నాడు నేను పాఠానికి వెళ్తుంటే ప్రయోగశాలకు తనూ వస్తానంది. తలుపు దగ్గర నా చెయ్యి వదిలేసి, గోడ మీద అరచెయ్యి ఆనించి, ఒకటీ రెండూ అని పైకి లెక్కపెట్టుకుంటూ నడిచింది. పిల్లలు గోల ఆపి చూస్తున్నారు. పదిహేడో అడుగుకు కుళాయి చేతికి తగిలింది. దాన్ని దాటుకుని ఇంకో మూడు అడుగులు వేసి ఆగింది. నేను అటు ఉన్నాననుకుని కిటికీ వైపు తిరిగి, "ఇరవై. ఇంతేనా, అక్కా?" అని అడిగింది.

ఇంతేనని చెప్పాను.

రోదా